తువ్వాల కింద చెయ్యి

"సార్, మీరు జేసిన ఇంటర్వ్యూలల్ల అన్నిట్లకన్న గొప్పది ఏదో మా సంచికకు రాసియ్యుండ్రి" అని మన విలేకరుల సంఘం పిల్లలు ముగ్గురు పోయిన వారం మా ఇంటికి వచ్చి అడిగారు. అడుగుతూనే అందులో ఒకడు నా ముఖం ముందు ఫోను పెట్టి వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఫోను దించమని గట్టిగానే కసిరాను. "ఎందుకు సార్?" అన్నాడు పాపం, బిక్కమొహం వేసుకుని. ఎందుకో చెప్పాలంటే ఇదంతా రాయాలి.

గొప్పవి రాయను. గొప్పవి రాసుకోవడానికి ఇంట్లో శాలువాలు మడతపెట్టి దాచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళను అడగండి. నేను సిగ్గుపడే పని ఒకటి ఉంది, అది రాస్తాను. ఎవరి పేరూ రాయను. ఆ మాటకొస్తే అప్పుడు కూడా రాయలేదు. పేరు రాయకపోతే మనిషికి హాని జరగదని నమ్మేవాణ్ణి.

మీలో చాలామంది డిగ్రీలు చదివి ఈ పనిలోకి వచ్చారు. నేను ఏడో తరగతి దగ్గర ఆగాను. హుజూరాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో సీసపు అక్షరాలు ఏరి కూర్చే పనిలో చేరాను. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, అందుకని నేను తెలుగు ముందు తలకిందులుగా నేర్చుకుని, తిన్నగా చదవడం తర్వాత నేర్చుకున్నాను. పెళ్ళి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, సినిమా పాటల పుస్తకాలు. చేతికి వచ్చిన ప్రతి కాగితమూ చదివాను. ఆ పైన గ్రంథాలయంలో ఒక బీరువా తర్వాత ఒక బీరువా. ఎవడూ నేర్పలేదు. ఎవడికీ గురుదక్షిణ బాకీ లేను.

కంప్యూటర్లు వచ్చి ప్రెస్ మూతపడ్డాక పత్రికకు వార్తలు పంపే పని దొరికింది. జిల్లా కేంద్రంలో జీతం మీద పనిచేసే రిపోర్టర్లు నన్ను చాటుగా 'ఏడో తరగతి' అనేవాళ్ళు. "ఏడో తరగతి వచ్చిండా? ఏడో తరగతి కాపీ వచ్చిందా?" ఆ మాటకు ఒళ్ళు మండేది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది చూడండి, డెబ్బై దాటినా.

వాళ్ళ దగ్గర లేనిది నా దగ్గర ఒకటుండేది, జ్ఞాపకం. నాకు టేప్ రికార్డర్ లేదు. నోటు పుస్తకం తీసేవాణ్ణి కాదు, పుస్తకం చూస్తే మా వైపు మనుషుల నోరు మూతపడుతుంది. గంటసేపు విని, బస్టాండుకు వచ్చి, బల్ల మీద కూర్చుని, అన్న మాట అన్నట్టుగా రాసేవాణ్ణి. ఒక్క 'గద' కూడా పోయేది కాదు. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. ముందుముందు మీకే తెలుస్తుంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. జిల్లా పేజీలో ఆదివారం నాదొక శీర్షిక ఉండేది, 'పనిచేతులు' అని. కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాలూ తిరిగి, చేతులతో బతికేవాళ్ళను మాట్లాడించి రాసేవాణ్ణి. కిందనేమో నా కలం పేరు. శీర్షికకు నేను పెట్టుకున్న నియమం: పేరు రాయకూడదు, ముఖం వేయకూడదు. ఫొటోలో రెండు చేతులు మాత్రమే. అందరూ ముఖాలు వేస్తారు, నేను చేతులు వేస్తాను అని లోపల గర్వం.

ఫొటోలు తీయడానికి మా ఊరి స్టూడియో అతన్ని వెంట తీసుకుపోయేవాణ్ణి. జీవితమంతా పెళ్ళిళ్ళు తీసిన మనిషి. ఎవరి చెయ్యి చూసినా గోరింటాకు చెయ్యిలాగే కనపడేది అతనికి. "జర వేళ్ళు ఇప్పు అవ్వా, జర నవ్వు" అనేవాడు. "చెయ్యి ఎట్ల నవ్వుతదిరా?" అంటే, "ముఖం నవ్వితె చెయ్యి గూడ నవ్వుతది, నీకు దెల్వదు అన్నా" అనేవాడు. నిజమే కావచ్చు.

మాట్లాడించడానికి నాకొక పద్ధతి ఉండేది. పని గురించి మొదటే అడిగితే మనల్ని ఏ సర్వేకో వచ్చిన వాళ్ళనుకుంటారు. అందుకని మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "మీ అవ్వ నిన్ను ఏమని పిలిచేది?" ఎంతటివాడైనా ఆ ప్రశ్నకు కరిగిపోయేవాడు. జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి తూకం వేసే భారీ మనిషి ఒకడు చెవులు ఎర్రబడి "బుజ్జోడా అనేది సారు, ఎవ్వలకు జెప్పకుండ్రి" అన్నాడు. ఆదిలాబాద్ పత్తి మిల్లులో ఒక ముసలామె సగం మరాఠీ, సగం తెలుగులో జవాబు మొదలుపెట్టి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ ప్రశ్న తర్వాత ఇంకేం అడిగినా చెప్పేవాళ్ళు. చెప్పకూడనివి కూడా చెప్పేవాళ్ళు.

గోదావరి ఒడ్డున ఒక బొగ్గుగనుల ఊళ్ళో కంపెనీ క్వార్టర్‌కు ఒకనాడు మేమిద్దరం పోయాం. మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటాయన మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా బొగ్గు నింపే పని. ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంది. ఆ మొండి దగ్గర నుంచి మణికట్టు దాకా చర్మం కింద నీలం గీత వంకర తిరిగి ఉంది. గాయంలో బొగ్గు పొడి ఉండగానే మానితే అట్లా పచ్చబొట్టు పొడిచినట్టు పడుతుంది. స్టూడియో అతను ఆ చెయ్యి చూసి నా చెవిలో "అన్నా, పండుగే" అన్నాడు.

ఆయనకు మోకాళ్ళు పోయాయి, ఊపిరి సరిగా ఆడటం లేదు. కంపెనీ డాక్టర్లు పనికి పనికిరాడని రాసిస్తే ఆయన ఇంటికొస్తాడు, ఆయన జాగాలో కొడుక్కు ఉద్యోగం వస్తుంది. అప్పట్లో అక్కడ నడిచే పద్ధతి అది. కాగితాలు సగం దాకా కదిలాయి. డిగ్రీ చదివిన కొడుకు ఆ కబురు కోసమే చూస్తున్నాడు. భార్య చాయ్ పెట్టి తెచ్చింది.

నేను నా ప్రశ్న వేశాను.

ఆయన భార్య వైపు చూసి నవ్వాడు. "ఏ పేరు సారు? మా అవ్వ పిలిచిందా, బాయిల పిలిచేదా?" గనిని అక్కడ బాయి అంటారు.

"రెండున్నయా?"

"ఉన్నయి మరి. పని కాయితం వచ్చింది నాకు గాదు సారు, మా ఊరోనికి. లక్సెట్టిపేట దిక్కు మాది. ఆడు ఒక్క షిఫ్టు దిగిండు. పైకొచ్చి తట్ట పారేసి, 'సస్తె సస్త గని మళ్ళ దిగ' అని బస్సెక్కిండు. మా ఇంట్ల పొయ్యి మీదికి గింజ లేదు. గా కాయితం జేబుల వెట్టుకొని తెల్లారి నేను దిగిన. హాజరు పిలిచెటోడు ఆని పేరు పిలిచిండు. 'ఉన్న సారు' అన్న. గంతే. గా దినం ఉన్న అన్నోన్ని, ముప్పై ఏండ్ల సంది ఉన్న అనుకుంటనే ఉన్న."

"మరి అసలు పేరు?"

"మా అవ్వతోనే పోయింది. గిప్పుడు పిలిచెటోళ్ళే లేరు. గీమె గూడ పిలువది."

"మొగని పేరు వెట్టి పిలుస్తరా ఏడనన్న? మంచిగనే జెప్పినవ్" అని ఆమె మూతి తిప్పింది. అందరం నవ్వాం. ఆయనే ఎక్కువ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

అట్లా మారుపేర్ల మీద పనిచేసేవాళ్ళు ఆ గనుల్లో ఆయనొక్కడే కాదు. ఊరందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా ఉండదు. నవ్వులు ఆగాక ఆమె నా చేతిలో గ్లాసు తీసుకుంటూ గొంతు తగ్గించి అంది: "అన్నా, నవ్వులకు జెప్పిండు. గా ముచ్చట పేపర్ల ఎయ్యకు. పిలగాని కాయితాలు నడుస్తున్నయి."

"పేరెయ్య చెల్లే. మొఖం గూడ ఎయ్య. ఇప్పటిదాక ఎవ్వలిదీ ఎయ్యలే" అన్నాను.

ఆమె తలూపింది. చదువుతున్న పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా చూడండి. ఆమె అడిగింది ఒకటి, నేను ఇచ్చిన మాట ఇంకొకటి. ఆ తేడా ఆమెకు తెలియలేదు. నాకు తెలుసు. గ్లాసు ఆమె చేతికి ఇస్తున్నప్పుడే తెలుసు.

బస్టాండు బల్ల మీద కూర్చుని రాశాను. 'ఉన్న సారు' అన్న మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను, అంత బాగా వచ్చింది. ఆ భాగం కింద ఎర్ర సిరాతో గీత గీసి, కవరు కరీంనగర్ బస్సు డ్రైవర్ చేతికిచ్చాను. మరునాడు డెస్క్ ఇన్‌చార్జి ఫోను చేశాడు. "ఏమయా, గిసొంటిది నువ్వెన్నడు రాయలే. హెడ్డింగ్ గదే వెడుతున్న." ఆదివారం వచ్చింది: 'ఇంట్ల ఒక పేరు, బాయిల ఒక పేరు'. కింద అరపేజీ అంత పెద్దగా ఆ చెయ్యి. మొండి వేలు, నీలం గీత, అరచేతి కాయలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ డెస్క్ వాణ్ణి తిట్టాను, హెడ్డింగ్ వాడే పెట్టాడని. ఎర్ర గీత గీసింది ఎవరో ఎవరికీ చెప్పలేదు. ఆ వారం జిల్లా రిపోర్టర్ ఒకడు మొదటిసారి నన్ను 'సార్' అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను రెండు రోజులు ఉబ్బిపోయి తిరిగాను.

పదిహేను రోజులు కాకముందే, కత్తిరించిన ఆ పేపరు ముక్కకు ఒక ఆకాశరామన్న ఉత్తరం జతచేసి ఎవరో కంపెనీ ఆఫీసుకు పంపారు. పేరు లేదు, ముఖం లేదు, నిజమే. కాని హాజరు పిలిచేవాడి దగ్గర నుంచి క్యాంటీన్లో చాయ్ పోసేవాడి దాకా ఆ చెయ్యి ఎవరిదో ఎరగనివాడు ఆ బాయిలో ఒక్కడూ లేడు. కొడుకు కాగితాలు ఆపేశారు. విచారణ వేశారు. నన్ను కూడా వచ్చి వాంగ్మూలం ఇవ్వమన్నారు.

ముందు రోజు భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మాట్లాడింది ఆమె.

"పేరు దాస్తె మనిషి దాగిండా అన్నా? చెయ్యి మీదనే ఉన్నడు గద."

నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆమె కూర్చోలేదు.

"అయిందేదో అయింది. రేపు ఒక్క మాట అను. 'రాతకు మంచిగుంటదని నేనే కల్పించిన' అను. నీదేం పోతదన్నా? మాదైతె పిలగాని బతుకు పోతది."

"అట్లనే అంట చెల్లే" అన్నాను. ఈసారి తేడా లేదు. ఆమె అడిగిందీ అదే, నేను ఇచ్చిన మాటా అదే. బస్సులో పోతూ ఆ వాక్యాన్ని వల్లె వేసుకుంటూనే పోయాను. నేనే కల్పించాను, నేనే కల్పించాను. పక్క సీటు ఆయన నా వైపు చూసి కొంచెం దూరం జరిగాడు.

ఆఫీసులో ఒక గది. బల్ల వెనక అధికారి, పక్కన రాసుకునే గుమాస్తా, కిటికీ దగ్గర యూనియన్ నాయకుడు. ఇటు బెంచీ మీద ఆయన, ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుకుని. ఆమెను లోపలికి రానివ్వలేదు, వరండాలో ఉంది.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. అది నాకు ఎన్నేళ్ళకో అర్థమైంది. ఎట్లాగైనా ఆ ఫైలు మూసేయాలనే చూశాడు.

"మీ దగ్గర టేపు ఏమన్నా ఉందా?"

"లేదు."

"రాసుకున్న పుస్తకం?"

"లేదు."

"అంటే ఆయన ఏమన్నాడో మీకు ఉన్నదున్నట్టు గుర్తుండే అవకాశం లేదు. మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

"ఏడో తరగతి."

గుమాస్తా పెన్ను ఆపి నవ్వాడు. కిటికీ దగ్గర నాయకుడు కూడా నవ్వి, "ఏడో తరగతి విలేకరి సార్, జర కతలు ఎక్కువ" అన్నాడు. వాడు కూడా తన కార్మికుణ్ణి కాపాడటానికే అన్నాడు, తర్వాత తెలిసింది.

"అదే నేననేది" అన్నాడు అధికారి. "వినడంలో పొరపాటు పడి ఉంటారు. లేకపోతే కొంత కల్పించి ఉంటారు. అవును అనండి చాలు, రాసుకుంటాం."

నేను తప్పించుకునే తలుపు ఆయనే బార్లా తెరిచి పెట్టాడు. నేను చేయవలసింది బయటికి నడవడమే. 'అవును' అంటే అయిపోయేది. నా చెవుల్లో మాత్రం ఒక్కటే మోగుతోంది: ఏడో తరగతి, ఏడో తరగతి. తలకిందుల అక్షరాల నుంచి చదువుకుని వచ్చిన నేను, నాకు వినడం రాదా? నాకు గుర్తుండదా?

"నా రాతల ఒక్క అక్షరం కల్పితం లేదు" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "ఆయన అన్నది అన్నట్టు చెప్త, వినుండ్రి."

చెప్పాను. నిలబడి చెప్పాను. పని కాయితం వచ్చింది నాకు గాదు సారు, మా ఊరోనికి అన్న దగ్గర నుంచి ముప్పై ఏండ్ల సంది ఉన్న అనుకుంటనే ఉన్న దాకా, ఆయన దగ్గు తప్ప అన్నీ ఒప్పజెప్పాను. పేపర్లో నేను వేయని మాటలు కూడా అందులో ఉన్నాయి, ఊరి దిక్కు, పారేసిన తట్ట. గుమాస్తా నవ్వు ఆపి గబగబా రాసుకున్నాడు. యూనియన్ నాయకుడు కిటికీ బయటికి తిరిగాడు. ముగించేసరికి గదిలో చప్పుడు లేదు. ఎంత సిగ్గుమాలినవాణ్ణంటే, ఆ నిశ్శబ్దం మెచ్చుకోలు అనుకున్నాను. ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పుడు బెంచీ మీద మనిషిని చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. భుజం మీది తువ్వాల తీసి, బల్ల మీది ఎడమ చెయ్యిని మెల్లగా దాని కింద కప్పుకున్నాడు.

అధికారి పెన్నుకు మూత పెట్టి "సంతకం చేసి వెళ్ళండి" అన్నాడు.

వరండాలో ఆమె లేచి నిలబడింది. "ఏమన్నవ్ అన్నా?"

వెనకాలే వచ్చిన ఆయనే చెప్పాడు: "ఉన్నదే జెప్పిండు తియ్యి. అబద్ధం ఆయినకు రాదు."

ఆ మాట ఎగతాళో, జాలో, నిజంగానే మెచ్చుకున్నాడో ఇరవై ఏళ్ళుగా తెలియడం లేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒకటే అడిగింది. "పేపర్ల నీ రాత కింద పడే పేరు మీ అవ్వ వెట్టిందేనా అన్నా?"

"కాదు చెల్లే."

"మీకు రెండు పేర్లుంటె గొప్ప. మాకుంటె దొంగతనం." కొంగు భుజాన కప్పుకుని మెట్లు దిగిపోయింది.

యూనియన్ వాళ్ళు గట్టిగా అడ్డంపడితే ఆయన్ను పనిలోంచి తీసేయలేదు, కేసు పెట్టలేదు. కొడుకు ఉద్యోగం మాత్రం పోయింది. ఆ పిల్లవాడు తర్వాత ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవర్‌గా చేరాడు. అదే కంపెనీ ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలుతాడు, అదే దుమ్ము మింగుతాడు, హాజరు పట్టీలో మాత్రం లేడు. తండ్రి మోకాళ్ళు ఈడ్చుకుంటూ అరవై నిండేదాకా దిగాడు.

నేనేం చేశాను? కోపం తెచ్చుకున్నాను, అది నాకు బాగా వచ్చు కదా. మారుపేర్ల వాళ్ళకు జరిగే అన్యాయం మీద పెద్ద వ్యాసం రాసి పంపాను. డెస్క్ వేయలేదు. కంపెనీని తిట్టాను, ఉత్తరం రాసినవాణ్ణి తిట్టాను, నవ్విన గుమాస్తాను తిట్టాను. నిజం చెప్పినందుకు లోకం నా మీద పగబట్టిందని కూడా కొన్నాళ్ళు చెప్పుకుని తిరిగాను. ఆ గదిలో నేను నిలబడింది నిజం కోసం కాదు, ఇద్దరు నవ్వారని. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

'పనిచేతులు' ఇంకో రెండు మూడు నెలలు నడిపి మానేశాను. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. ఆయన మోకాళ్ళు, నా సాకు. అసలు సంగతి, మనిషి ఎదుట కూర్చుని ఆ మొదటి ప్రశ్న వేయలేకపోయాను. నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

పోయిన ఏడు ఆ ఊరి మీదుగా బస్సులో పోతుంటే చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కనపడింది. ముఖం పోల్చుకుని దిగిపోయాను. క్వార్టర్ ఎప్పుడో ఖాళీ చేశారు, రెండు వీధుల అవతల రేకుల ఇల్లు. గుమ్మం పక్కన అదే ఫ్లెక్సీ ఇంకొకటి కట్టి ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. పొమ్మంటుందనుకున్నాను.

"రా అన్నా, కూసో. చాయ్ తాగుతవా?"

కూర్చున్నాను. ఫ్లెక్సీ మీద పేరు పెద్ద అక్షరాలతో ఉంది. బాయి పేరు కాదు. వాళ్ళ అవ్వ పిలిచిన పేరు.

నా చూపు చూసి ఆమె అంది: "కొడుకు ఏపిచ్చిండు. గిప్పుడైతె ఎవలొచ్చి అడుగుతరు?"

ఫొటోలో ఆయన కుర్చీలో కూర్చున్నాడు, తెల్ల అంగీ, నుదుట బొట్టు. కొడుకు పెళ్ళిలో తీసిందట. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. రెండోది కనపడలేదు. తెలియకుండానే అడిగేశాను, "ఎడమ చెయ్యి పడలేదా చెల్లే?"

ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"గా విచారణ అయిన కాంచి గంతే అన్నా. ఫొటో అంటె తువ్వాల కిందికి వోతది చెయ్యి. పెండ్లినాడు గూడ ఫొటోలు దీసెటాయిన రెండుమాట్ల అన్నడు, 'తువ్వాల తియ్యి బాపు' అని. తియ్యలే."